పెద్దల మూలలో నిలువు గడియారం

మూడో రోజు కూడా సోములమ్మ గడప తొక్కలేదు.

పశువుల పాకలో ఓ వారగా మూడు రాళ్ళు పెట్టుకుని, చోడంబలి కాచుకుని తాగుతోంది. గోనె పరుచుకుని పడుకుంటోంది. ఆవుకీ దూడకీ మధ్య ఆవిడకి చోటు దొరికింది గానీ, ఇరవై అడుగుల అవతల తన చేత్తో అలుక్కున్న ఇంట్లో దొరకలేదు.

వాన పడుతూనే ఉంది. భాద్రపదంలో బండవలసకి వాన కొత్త కాదు. పొద్దున్నే మొదలెడితే సాయంత్రం దాకా అదే పోత. కొండలు కనపడవు. రైలు కూత వినపడుతుంది గానీ రైలు కనపడదు.

భీమన్న చంకలో ఎండు కట్టెలు పెట్టుకుని, తల మీద గోనె కప్పుకుని పాక దగ్గరికి వచ్చాడు. కిరండోల్ లైను మీద గ్యాంగ్‌మన్‌గా ముప్పై ఒక్క ఏళ్ళు పట్టాల వెంబడి నడిచి, నిరుడే రిటైరయ్యాడు. ఒంటరిగా నడిచిన మనిషి. పదిమందిలో కూర్చున్నా ఒంటరిగానే ఉంటాడు.

"కట్టెలు" అన్నాడు.

"కనబడతన్నాయి" అంది సోములమ్మ.

కట్టెలు దించాడు. నిలబడ్డాడు. దూడ వచ్చి అతని మోకాలు నాకింది.

"ఆ పెట్టి బైటికెల్లినాదా?"

"నేదు."

"మరెందుకొచ్చేవు?"

"కట్టెలు."

సోములమ్మ పొయ్యిలో ఊదింది. పొగ ఆవిడ మొహం మీదికే తిరిగొచ్చింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకుంది.

"మిషనోళ్ళు మనిషిని పెట్టి పాతీసే పెట్టి లాగున్నాది. దాన్నట్టుకొచ్చి మా అత్త కూకున్న కాడ నిలబెట్టీసినాది. మా అత్తకి ఊపిరాడొద్దేటి?"

ఆ అత్త పోయి పద్దెనిమిదేళ్ళయింది. అయినా సోములమ్మకి ఆవిడ ఎక్కడికీ పోలేదు. అత్త, మామ, మామ తండ్రి, ఆయన తండ్రి, అందరూ నడిమింట్లో తూర్పు మూల కూర్చునే ఉన్నారు. ఏ కొత్త గింజ వచ్చినా ముందు ఆ మూలలో పెట్టాలి. ఆ తరవాతే ఇంట్లో నోరు తెరవాలి.

"రేపే కొర్రకొత్త. నాను లోనికి రాను. నాను రాకపోతే మనింట గింజ ఉడకదు. మనింట ఉడక్కపోతే ఊళ్ళో పదార్గడపల్లోనూ ఉడకదు. ఆళ్ళందరికీ నువ్వే సెప్పుకో."

బండవలస మొదట వేసిన ఇల్లు భీమన్న తాతది. అందుకని కొత్త, అంటే కొత్త గింజ తినే పండగ, ముందు ఈ ఇంట్లోనే. సామకొత్తయినా, కొర్రకొత్తయినా, మామిడికొత్తయినా అంతే.

"ఆ గుంటతో నానన్నమాటే మాట. దాని సెయ్యి తగిలిన గింజ మా పెద్దోళ్ళు ముట్టరు" అంది, కోడల్ని తలుచుకుని.

భీమన్న నోరు తెరిచాడు.

"సోములూ..."

"ఏటి?"

ఆవిడ తల ఎత్తింది. మూడు రోజుల్లో మొహం పీక్కుపోయింది. తిండి సరిగ్గా తింటున్నట్టు లేదు. చెప్పాల్సిన మాట నాలిక చివరి దాకా వచ్చింది. 

"పాక కురుస్తన్నాది" అన్నాడు.

"కురవనీ."

భీమన్న గోనె సర్దుకుని వెనక్కి తిరిగాడు.

ఇంట్లో ఇంకో పోట్లాట నడుస్తోంది.

కొడుకు రవిబాబు జీపు వసారా కింద పెట్టి అప్పుడే లోపలికి వచ్చాడు. అరకు స్టేషను నుంచి బొర్రా గుహలకీ, టైడాకీ యాత్రికుల్ని తిప్పే జీపు అది. వానకి ఎవరూ రాలేదు. ఖాళీగా తిరిగొచ్చిన మనిషికి కోపం ముక్కు మీదే ఉంటుంది.

"జయా, దాన్నట్టుకెళ్ళి వసారాలో పెట్టీస్తే ఏటవుద్ది?"

"ఆగిపోతుంది."

"ఆగితే ఆగనీ. గడియారం ఆగితే కొంపేటి కూలిపోద్దా?"

"ఆగిన గడియారం ఇంట్లో ఉంచకూడదు. మా అమ్మ చిన్నప్పట్నుంచీ..."

"మీ అమ్మకి ఆగిన గడియారం పనికిరాదు. మా అమ్మకి నడిసే గడియారం పనికిరాదు. మజ్జిన నాను ఏ గూడ్సు కింద తల పెట్టాల?"

జయశ్రీ నవ్వలేదు. మెత్తటి బట్టతో గోడ మీది గడియారం అద్దం తుడుస్తోంది. శృంగవరపుకోట పిల్ల. నాలుగేళ్ళ కిందట రవిబాబుని చేసుకుని కొండెక్కింది. బస్టాండు పక్కన టిఫిను కొట్టు పెట్టుకున్న తండ్రి ఇప్పటికీ కొండెక్కలేదు. ఎక్కనన్నాడు. ఆ పిల్ల కూడా దిగి వస్తానని అనలేదు.

దసరా సెలవులకి బెంగాలీలు గుంపులు గుంపులుగా అరకు వస్తారు. హోటళ్ళు చాలక టీ కొట్టు బల్లల మీద కూడా పడుకుంటారు. ముందు వైపు రెండు గదులూ వాళ్ళకి అద్దెకిద్దామన్న ఆలోచన జయశ్రీదే. విశాఖపట్నం నుంచి ట్రావెల్సు ఆయన వచ్చే శనివారం గదులు చూస్తానన్నాడు. నచ్చితే తన మనుషుల్ని పంపుతాడు.

"అందరూ గోడకి జలపాతం బొమ్మలే పెడుతున్నారు. మన ఇంటికి ఇంకెక్కడా లేనిది ఒకటుండాలి" అంది అప్పుడు.

ఇంకెక్కడా లేనిది భీమన్న మంచం కింద ఉంది. ఘాటు మీది ఒక చిన్న స్టేషన్లో పాత గుండ్రటి గడియారం తీసేసి తుక్కులో పడేస్తే, అడిగి తెచ్చుకున్నాడు. పళ్ళెం అంత తెల్ల మొహం, నల్లటి అంకెలు. జయశ్రీ దాన్ని చూసి మంచం కింద నుంచి లాగింది. అదీ మొదలు.

తరవాత ఒక్కొక్కటే చేరాయి. కాఫీ తోట బంగళా వాళ్ళు పారేసిన, ఒకసారి కీ ఇస్తే ఎనిమిది రోజులు నడిచే గోడ గడియారం. మూసేసిన బడిలో చెదలు పట్టిన నలుచదరపు గడియారం. పాస్టరుగారి భార్య ఇచ్చిన, నెత్తిన రెండు గంటలున్న అలారం గడియారం. మొత్తం పదకొండు. జయశ్రీ ముందు గది గోడకి జేగురు పూసి, ఆ ఎర్రటి గోడ మీద వాటిని పెట్టింది. వరసగా పెట్టలేదు. పెద్దది నడిమిన, చిన్నవి దాని చుట్టూ, శుక్రవారం సంతలో జనం కూర్చున్నట్టు. మేకులు కొట్టింది భీమన్న. ప్రతిదానికీ రసమట్టం పెట్టి చూసి మరీ కొట్టాడు. సంత రోజున ఒక్కొక్కదానికీ కీ ఇచ్చేదీ అతనే. ఆ పని ఇంకొకరిని ముట్టనివ్వడు.

అంతవరకూ సోములమ్మ ఏమీ అనలేదు. గోడ గోడే, దాని మీద ఏముంటే తనకేం అంది.

పన్నెండోది వచ్చింది మొన్న శుక్రవారం. విజయనగరంలో ఏదో పాత దివాణంలోదట. మనిషెత్తు టేకు పెట్టె, ముందు అద్దం తలుపు, లోపల జానెడు వెడల్పు ఇత్తడి లోలకం. జీపు మీద కట్టి తెచ్చారు.

"అది సరే" రవిబాబు గొంతు పెంచాడు. "ఇంట్లో ఇన్ని సోట్లుండగా ఆ మూలే ఎందుకు దొరికినాది నీకు? అక్కడెట్టమని ఎవుడు సెప్పేడు?"

జయశ్రీ చెయ్యి ఆగింది.

గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నాడు. తడిసిన గోనె చేతిలో పట్టుకుని ఉన్నాడు. ఆమె ఒక్కసారి అతని వైపు చూసింది. చూసి, మళ్ళీ అద్దం తుడవడం మొదలెట్టింది.

"ఎవరూ చెప్పలేదు. నాకే తోచింది."

భీమన్న గోనె గోడవార పడేసి నడిమింట్లోకి వెళ్ళాడు.

తూర్పు మూలలో నిలువు గడియారం నడుస్తోంది. తొణక్కుండా, ఎవరితోనూ పని లేనట్టు. కింద కుడి కాలి దగ్గర చిన్న వేపచెక్క ముక్క. అది అతను చెక్కిందే.

శుక్రవారం మధ్యాహ్నం జరిగింది అది. సోములమ్మ సంతకి వెళ్ళింది. రవిబాబు గడియారం దింపి బేరం ఉందని వెళ్ళిపోయాడు. ఇంట్లో మామా కోడలూ ఇద్దరే. ముందు గదిలో నిలబెట్టారు. బాగుంది. ఇనుపరాయి గూడ్సు ఒకటి వెళ్ళింది. ఇల్లంతా మట్టి గచ్చు, పట్టాలు రాయి విసిరితే తగిలేంత దూరం. గచ్చు అదిరింది, పెట్టె ఊగింది, లోలకం ఆగింది. కిటికీ పక్కన పెట్టారు. మళ్ళీ గూడ్సు, మళ్ళీ ఆగింది. మంచం దగ్గర పెట్టారు. అక్కడా అంతే.

"ఇదింక నడవదా మావయ్యా?" అంది జయశ్రీ. ఏడుపు గొంతుతో అంది. "ఆగిపోయేదైతే ఇంట్లో ఉంచకూడదు. తిప్పి పంపెయ్యాలి."

భీమన్న ఇల్లంతా తిరిగాడు. కాలి మడమతో గచ్చు మీద తట్టి చూశాడు. పట్టా కింద కంకర గుల్లబారిందో లేదో మడమతోనే తెలుసుకున్న మనిషి. ఇల్లంతా గుల్లగానే పలికింది. తూర్పు మూల ఒక్కటే పలకలేదు. తాత ఇల్లు కట్టినప్పుడు పెద్దల మూల కదలకూడదని కొండ బండ మీద వేశాడు. బండవలస అన్న పేరు ఊరికి ఆ బండ వల్లే వచ్చింది.

"ఇక్కడ పెట్టొచ్చా మావయ్యా?" అని అడిగింది పిల్ల.

అతనికి తెలుసు. తెలిసే ఒక నిమిషం నిలబడ్డాడు. ఆ నిమిషంలో అతనికి పెద్దలు గుర్తు రాలేదు. సోములమ్మా గుర్తు రాలేదు. ఇంత మంచి వస్తువు అదరని చోట నిలబడితే ఎలా నడుస్తుందో చూడాలనిపించింది. అంతే.

"పెట్టు. ఇక్కడాగదు" అన్నాడు.

రసమట్టం పెట్టాడు. చెక్క కొట్టాడు. గూడ్సు వెళ్ళింది. లోలకం తన దారిన తను ఊగింది. జయశ్రీ చప్పట్లు కొట్టింది. అతను కూడా నవ్వాడు.

సాయంత్రం సంత బుట్టతో గడప దాకా వచ్చిన సోములమ్మ, బుట్ట అక్కడే వదిలేసి పాకలోకి నడిచింది. అప్పట్నుంచి ఆ పిల్లని అనని మాట లేదు. ఆ మాటలన్నీ భీమన్న విన్నాడు. ఒకటో రోజు రేపు చెబుదామనుకున్నాడు. రెండో రోజు, నిన్ననే చెప్పి ఉండాల్సిందనుకున్నాడు. మూడో రోజుకి ఆ మాట మొయ్యలేనంత బరువెక్కింది.

దిసారి గాసి వాన కాస్త తెరిపిచ్చినప్పుడు వచ్చాడు. నెత్తి మీద ఆకుల గిడుగు, చేతిలో కర్ర. చుక్కలు చూసి విత్తనం ఎప్పుడు చల్లాలో, కొత్త ఎప్పుడు తినాలో చెప్పే మనిషి. సోములమ్మకి స్వయానా అన్న.

వసారాలో గిడుగు దింపి ముందు గదిలోకి తొంగి చూశాడు. పదకొండు గడియారాలూ టకటకలాడుతున్నాయి.

"ఒరే బావా, ఇదేట్రా సంత లాగున్నాది! అందరూ ఒకేపాలి మాటాడతన్నారు. ఈటిలో ఏది నిజం సెప్తాది?"

"నడిమిది" అన్నాడు భీమన్న. "కడమవి రొండు మూడు నిమిషాలు అటూ ఇటూ."

"అయితే పదిమంది అబద్ధాలోళ్ళు, ఒకడు నిజవైనోడు. ఊరంటే అంతేలే. నాకు ఆకాశంలో ఒక్క సుక్క సాలు. దానికి కీ ఇవ్వక్కర్నేదు."

రవిబాబు నవ్వబోయి ఆగాడు. వెనక చూరు కిందికి సోములమ్మ వచ్చి నిలబడింది. తల మీద గోనె. గడపకి అవతలే నిలబడింది. చూరు నీళ్ళు ఆవిడ భుజం మీద పడుతున్నాయి. జరగలేదు.

"అన్నా, ఎగతాళి తరవాత. ముందా మూల సూడు."

గాసి నడిమింటి గుమ్మంలో నిలబడి చూశాడు. లోపలికి అడుగు పెట్టలేదు. చాలాసేపు చూశాడు. గడియారం వంక కాదు, దాని వెనక గోడ వంక.

"ఎవరి సెయ్యి?" అన్నాడు.

"ఇంకెవరి సెయ్యి? దిగువ నించి వచ్చినదాని సెయ్యి."

జయశ్రీ గుడ్డ మడిచి కిటికీలో పెట్టింది. వచ్చి నడిమింట్లో, అత్తకి ఎదురుగా, గడపకి ఇవతల నిలబడింది.

"అత్తా, ఒక మాట అడుగుతాను."

"అడుగు. నోరున్నాది గదా."

"ఆ మూలలో ఏముందని నాకు తెలియాలి? దీపం లేదు. పటం లేదు. పసుపు రాసిన రాయి లేదు. మా ఇంట్లో దేవుడి గూడంటే గుడ్డివాడికైనా అగరొత్తుల వాసనకి తెలుస్తుంది. ఇక్కడ ఒట్టి గోడ. నాలుగేళ్ళు ఆ ఒట్టి గోడే తుడిచేను. ఇది పెద్దల మూలే అమ్మా అని ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, ఈ ఇంట్లో ఎవరైనా నాతో అన్నారా?"

"పుట్టినోళ్ళకి సెప్పక్కర్నేదు."

"నేను పుట్టినదాన్ని కాదు. వచ్చినదాన్ని. వచ్చినదానికి చెప్పాలి. కొత్త వచ్చినప్పుడల్లా నన్ను కట్టెలు తెమ్మని పంపేసి తలుపేసుకుంటారు. నేను బయట కూర్చుని, మీ చూరు లోంచి వచ్చే పొగ చూస్తాను. లోపలేం చేస్తారో, ఎక్కడ చేస్తారో, పొగని చూసి చెప్పమంటారా?"

 గాసి చెల్లెలి వైపు తిరిగాడు.

"నిజవేనేటి?"

సోములమ్మ చూరు నీళ్ళు చూసింది. "దిగువ నించి వచ్చిన గుంట. ఈ కొండ మాట దానికెలాగ సెప్పాల?"

"నోటితో సెప్పాల" అన్నాడు గాసి.

ఆ మాట ఆవిడకి తగిలింది.  అయితే సోములమ్మ ఊరికే వెనక్కి తగ్గే మనిషి కాదు. ఆలోచించి, ఇంకో వైపు నుంచి వచ్చింది.

"సరే. నాను సెప్పనేదు. ఒప్పుకున్నాను. మరి ఇంట్లో పెద్దోడున్నాడు గదా? మావున్నాడు గదా మంచం మీద? ఇంతేసి పెట్టి మోసుకొచ్చినప్పుడు, ఇక్కడ పెట్టొచ్చా మావా అని ఆయన్నడిగేవా? అడక్కుండా నీ ఇట్టం వచ్చిన కాడ పెట్టీసేవు. అడిగేవేటే? సెప్పు. అడిగేవా?"

జయశ్రీ పెదవులు కదిలాయి. 

ఒక్క మాట చాలు ఆ పిల్లకి. అడిగేను అంటే అయిపోతుంది. ఆ ఒక్క మాటా నోట్లోనే పెట్టుకుని, తల దించుకుని, కాలి బొటనవేలితో గచ్చు రాస్తూ నిలబడింది. మామగారి వైపు చూడను కూడా లేదు. చూస్తే చెప్పినట్టవుతుందనేమో.

"సూసేవా అన్నా! అడగనేదు. నోరు పడిపోయినాది."

"అడిగింది" అన్నాడు భీమన్న.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందా అన్నట్టు రవిబాబు వెనక్కి చూశాడు.

"ఏటన్నావు?" అంది సోములమ్మ.

"అడిగింది. నానే పెట్టమన్నాను. రసమట్టం పెట్టి సూసి, సెక్క కొట్టి, నానే నిలబెట్టేను. ఆ కాడ కింద బండున్నాది. గూడ్సు ఎల్లినా అదరదు. అందుకని పెట్టమన్నాను."

అతను ఒక్క ఊపులో అన్ని మాటలు మాట్లాడి ఎన్నేళ్ళయిందో. చెప్పి గోడకి చేరబడ్డాడు.

"తెలిసే?" అంది సోములమ్మ.

"తెలిసే."

"అత్త కూకున్న కాడని తెలిసే పెట్టమన్నావా?"

"మాయమ్మే గదా. ఏటీ అనుకోదనుకున్నాను."

"నీకు అమ్మ." సోములమ్మ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది భీమన్నకి. "నీకు అమ్మ గనక ఏటీ అనుకోదు. నాకు అత్త. సచ్చిపోయే ముందు నా సెయ్యట్టుకుని, ఆ మూల సూపించి, ఇది నీకు ఒగ్గీసి పోతన్నానే కోడలా అంది. ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ మూలొక్కటే. దాని మీద పెట్టి పెట్టీసి, మూడ్రోజులు నా సేత ఆ గుంటని తిట్టించేవు."

"నాన్నా, అయితే మూడ్రోజులూ..." రవిబాబు పెళ్ళాం వైపు చూశాడు. తను కూడా పొద్దున్న ఎవుడు సెప్పేడని గుడ్లురిమాడు. ఇప్పుడా గుడ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"తప్పు నీది బావా" అన్నాడు గాసి. "కోడి నువ్వే తేవాల. ఊరికి ఒక పూట నువ్వే పెట్టాల. ముందా పెట్టి తియ్యి."

తండ్రీ కొడుకూ చెరో పక్క పట్టారు. భీమన్న లోలకం విప్పి గుడ్డలో చుట్టాడు. మాట్లాడకుండా మోసుకెళ్ళి వసారాలో జీపు పక్కన దించారు. పన్నెండున్నరకి పది నిమిషాలుండగా ముల్లు ఆగిపోయింది. ఆగిన గడియారం అని జయశ్రీ ఏమీ అనలేదు. అటు చూడనే లేదు. ముందు గదిలోకి వెళ్ళి, ఎర్రటి గోడ కింద నేల మీద కూర్చుంది.

మూల మళ్ళీ ఒట్టిగా ఉంది. గచ్చు మీద చెక్కముక్క ఒకటి మిగిలిపోయింది. రవిబాబు దాన్ని తీసి వాకిట్లోకి విసిరేశాడు.

గాసి గుమ్మంలో గొంతుక్కూర్చున్నాడు.

"రేపు పొద్దు గాలికొండ మీదికెక్కిన యేళకి కొత్త. అది దాటిపోతే మళ్ళీ అమాసెల్లిందాకా మంచి యేళ నేదు. అందాకా ఊళ్ళో ఎవుడూ కొర్ర ముట్టకూడదు. కంకులు తడిసి మొలకలెత్తుతున్నాయని అందరూ గోల."

"రేపే సేద్దాం" అంది సోములమ్మ. "పెట్టి తీసీసేరు గదా. స్నానం సేసొస్తాను."

"ఆగు. పెట్టి తీసేరు. నీ మాటెవరు తీత్తారు?"

"ఏ మాట?"

"దాని సెయ్యి తగిలిన గింజ పెద్దోళ్ళు ముట్టరన్నావు. ఊరంతా యిన్నాది. సేసినోడొకడు, అనిపించుకున్నది ఒకర్తి. ఆ మాట ఆ మూల్లో ఇంకా కూకునే ఉన్నాది. నువ్వు రేపు ఎంత బాగా వొండి పెట్టినా, పెద్దోళ్ళకి ముందర ఆ మాటే ఎదురొస్తాది."

"మరేటి సెయ్యమంటావు?"

"ఏ సెయ్యి వద్దన్నావో ఆ సెయ్యే దంచాల. ఆ సెయ్యే మూల్లో పెట్టాల. ఎనకాల నిలబడి నువ్వు సెప్పాల, ఎలాగ పెట్టాలో. అప్పుడు గానీ సెరగదు."

సోములమ్మ అన్నని చూసింది. మొగుణ్ణి చూడలేదు. చూరు కింద నిలబడే తల మీది గోనె తీసి దులిపింది. మడిచింది. మళ్ళీ విప్పి మడిచింది. పద్దెనిమిదేళ్ళుగా ఆ మూలలో ఇంకో ఆడది గింజ పెట్టలేదు. అత్త చెయ్యి తరవాత తన చెయ్యే. అది అంత తేలిగ్గా ఇచ్చేది కాదు.

ఎంతసేపు నిలబడిందో. గాసి చుట్ట ఒకటి అయిపోయింది.

అప్పుడు గడప దాటింది. మూడు రోజుల తరవాత.

తిన్నగా అటక దగ్గరికి వెళ్ళి కొర్ర కంకులు దించింది. చేటలో వేసుకుంది. చేట రెండు చేతులతో పట్టుకుని ముందు గది గుమ్మంలోకి వచ్చింది. గడియారాల గోడ కింద కోడలు మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఓలమ్మీ" అంది సోములమ్మ.

ఆ పిలుపు ఆ ఇంట్లో జయశ్రీ ఎప్పుడూ వినలేదు. నాలుగేళ్ళుగా ఆమె 'ఆ గుంట'. ఎదురుగా ఉన్నా 'ఆ గుంట'.

"లెగు. రోకలి తే. ఎలాగ దంచాలో సెప్తాను. కొర్రకి గట్టిగా పోటెయ్యకూడదు, నూకైపోద్ది."

రవిబాబు ఊపిరి వదిలాడు. గాసి కర్ర అందుకుని లేవబోయాడు. 

జయశ్రీ లేవలేదు.

"అత్తా" అంది. మెల్లగానే అంది. "మావయ్య నోరు విప్పడానికి మూడు రోజులు పట్టింది. ఇవాళ చెబుతారు, ఇవాళ చెబుతారు అని మూడు రోజులూ చూసేను. మీరన్న ప్రతి మాటా నేను విన్నాను. ఆయనా విన్నారు. వింటూ గడియారాలకి నూనె రాసుకున్నారు."

"జయా" అన్నాడు రవిబాబు.

"నన్ను చెప్పనీ. నాకూ మూడు రోజులియ్యండి. అప్పుడు చెబుతాను, దంచుతానో లేదో."

"కొత్త రేపే!"

"తెలుసు."

చేట సోములమ్మ చేతుల్లో ఉండిపోయింది. కోపం వస్తుందనుకున్నాడు భీమన్న. రాలేదు. ఆవిడ మెల్లగా అతని వైపు తిరిగింది. ఆ రోజు మొదటిసారి అతన్ని నిండా చూసింది.

"ఇదీ నీ పనే" అంది. "మాటాడు."

భీమన్న ఆ ఒక్క నిజం చెప్పేస్తే అయిపోతుందనుకున్నాడు. చెప్పాక ఇంకా చెప్పాల్సినవి ఇన్ని ఉంటాయనుకోలేదు.

అప్పుడే కంచె అవతల నుంచి పక్కింటి చిట్టెమ్మ కేకేసింది. గిడుగులు పెట్టుకుని నలుగురైదుగురు ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. దిసారి వచ్చాడని తెలిసి వచ్చినవాళ్ళు.

"పెద్దయ్యా! రేపేనా కొత్త? పొయ్యిలు అలుక్కోవాల. ఏటో బేగి సెప్పండి, తడిసిపోతన్నాం!"

గాసి జవాబు చెప్పబోయి బావని చూసి ఆగాడు. రవిబాబు గోడని చూస్తున్నాడు. దిసారి వేళ చూసినా, కొత్త అని ఊరికి చెప్పవలసింది ఆ ఇంటి మగాడు. తాత చెప్పాడు, తండ్రి చెప్పాడు, ఇన్నేళ్ళూ తను చెప్పాడు. ఒక్కటే మాట, అవునో కాదో.

భీమన్న వసారా అంచు దాకా నడిచాడు. వాన మొహం మీద పడింది.

"నాకు తెల్దు చిట్టెమ్మా" అన్నాడు, ఊరందరికీ వినపడేట్టు. "తప్పు సేసినోణ్ణి, నాను సెప్పకూడదు. మా కోడల్నడగాల."

కంచె దగ్గర తలలన్నీ ముందు గది వైపు తిరిగాయి.

లోపల జయశ్రీ మోకాళ్ళ మీంచి తల ఎత్తింది.